హారతి వేళ జరిపిన కార్డు

కంప్యూటర్లు నాకొక లెక్క కాదు. ఆ మాట ముందే చెప్పి పెడతాను. మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను, అదీ పంతులు వచ్చిన రోజుల్లో మాత్రమే. అయినా రెండు సాఫ్ట్‌వేర్లు అరగంటకోసారి ఒకదాని కబురు ఒకటి ఎట్లా తెలుసుకుంటాయో జ్యోతిక చెప్పడం మొదలుపెట్టిందో లేదో, చేతిలో చాయ్ చల్లారకముందే మొత్తం పట్టేశాను. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డులు చదువుకుంటూ చైతన్యపురి దాకా నడిస్తే చాలు, నాలాంటి బుర్ర ఉన్నవాడికి సగం ఉద్యోగం వచ్చేసినట్టే. మిగతా సగానికి ఫీజు కట్టాలన్నారు, అందుకని ఊరుకున్నాను.

సరే, కథ నాది కాదు, జ్యోతికది.

జ్యోతిక మా ఊరి భిక్షపతి కూతురు. భిక్షపతి విజయవాడ రోడ్డు మీద ఏళ్ళ తరబడి లారీ నడిపాడు. నీళ్ళు తాగితే బండి ఆపాల్సి వస్తుందని తాగేవాడు కాదు, నడుము నొప్పికి కనపడ్డ గోలీ అల్లా మింగేవాడు. చివరికి రెండు కిడ్నీలూ చేతులెత్తేశాయి. ఇప్పుడు తండ్రీ కూతుళ్ళు పెద్ద అంబర్‌పేట్‌లో కిరాయికి ఉంటారు. వారానికి రెండుసార్లు ఎల్బీనగర్‌లో ఆయనకు డయాలసిస్.

పక్కింటి పెంటమ్మకూ అదే జబ్బు. అదే సెంటర్, అవే రోజులు. ఇద్దరూ మధు ఆటోలో కలిసి పోయేవాళ్ళు, కలిసి వచ్చేవాళ్ళు. పెంటమ్మకు ఫోన్ లేదు. కొనుక్కోమంటే, "ఎందుకు తమ్మీ, నన్ను తిట్టేటోళ్ళంతా ఇంటికే ఒస్తరు" అనేది. అందుకని సెంటర్లో ఆమె పేరు పక్కన కూడా భిక్షపతి నంబరే రాయించారు. టర్ను ముందురోజు ఆయన ఫోన్‌కు రెండు మెసేజ్‌లు వచ్చేవి. ఆయన గోడ మీంచి కేకేసేవాడు: "అక్కా, రేపు పొద్దుగాల!" అవతలి నుంచి, "నేను చస్తే గదా మర్చేది" అని జవాబొచ్చేది.

జ్యోతిక పనిచేసేది దిల్‌సుఖ్‌నగర్‌లో, ఒక మిఠాయి దుకాణం పైన మూడో అంతస్తులో. ఆఫీసు యజమాని సాంబమూర్తి, తెనాలి వైపు మనిషి. ఎల్బీనగర్ డయాలసిస్ సెంటర్లో ఏ రోజు ఎవరు ఏ మిషన్ ఎక్కాలో చెప్పే సాఫ్ట్‌వేర్ వాళ్ళదే. జ్యోతిక తండ్రిని ఆ సెంటర్లో చేర్పించింది కూడా తెలిసిన చోటనే. అక్కడికి పోయే ప్రతి కొత్త మార్పునూ ముందుగా పరీక్షించి చూడడం ఆమె ఉద్యోగం.

దసరాకు ముందు సెంటర్ వాళ్ళు ఒక మార్పు అడిగారు. ఒకే మనిషి పేరు లిస్టులో రెండుసార్లు ఎక్కుతోందట, ఆ దొంగ పేరు కోసం మిషన్ ఖాళీగా ఉంటోందట. కాబట్టి ఒకే ఫోన్ నంబరుతో రెండు పేర్లుంటే వాటిని ఒకటిగా కలిపేయాలి. జ్యోతిక దాన్ని సెంటర్ లిస్టు నకలు మీద నడిపి చూసింది. తండ్రి నంబరే కొట్టింది. భిక్షపతి ఉన్నాడు. పెంటమ్మ లేదు. పలక మీద తడిగుడ్డ పెట్టి తుడిచినట్టు పోయింది.

"సార్, ఇది ఇట్లనే పంపితే మనుషులు పోతరు" అంది సాంబమూర్తి దగ్గరికెళ్ళి.

"పోవడమేంటమ్మా? లిస్టులోంచేగా?"

"లిస్టుల పేరు లేకుంటే మిషన్ ఎక్కనియ్యరు సార్. మా దిక్కు ఒక ఫోన్ మూడిండ్లకు నడుస్తది."

సాంబమూర్తి చెడ్డవాడు కాదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అయితే ఆపెయ్. పండగెళ్ళాక సరిచేద్దాం" అన్నాడు.

జ్యోతిక ఆపింది. ఎక్కడ ఆపిందో ఇప్పుడు చెప్పాలి. ఆ ఆఫీసులో రెండు చోట్ల రాతలుంటాయి. ఒకటి మార్పుల రిజిస్టర్, అదీ కంప్యూటర్లోనే. నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌లో ఏం మార్చినా అందులో ఎక్కాల్సిందే, అందులో ఒకరు ఒప్పుకోవాల్సిందే. ఎవరైనా 'ఆపు' అని పెడితే అది గడప దాటదు. రెండోది పనుల బోర్డు. గోడకు తగిలించిన పెద్ద టీవీలో కనపడుతుంది. ఒక్కో పనికి ఒక్కో కార్డు, ఆపిన పనికైతే ఎర్ర కార్డు. 'చేయాలి', 'చేస్తున్నాం', 'అయిపోయింది' అని మూడు వరసలు. పని నడిచినకొద్దీ కార్డును ఒక వరసలోంచి ఇంకో వరసలోకి జరుపుతారు.

ఇంతకుముందు ఈ రెండింటికీ పొత్తు లేదు. ఒకచోట మార్చినవాళ్ళు రెండోచోట మార్చడం మరిచిపోయేవాళ్ళు, సాంబమూర్తి గొంతు చించుకునేవాడు. ఆ బాధ పడలేక శ్రావణంలో తన్మయి, అంటే జ్యోతిక పక్క కుర్చీ అమ్మాయి, రెండింటికీ లంకె వేసింది. అరగంటకోసారి ఒక ప్రోగ్రాం లేచి రెండింటినీ పోల్చి చూస్తుంది. తేడా ఉంటే, చివరిగా ఎక్కడ మారిందో అదే నిజమనుకుని రెండోదాన్ని దానికి తగ్గట్టు దిద్దేస్తుంది.

చాయ్ చల్లారకముందే పట్టేశానన్నాను కదా. అది ఉత్తదే! పాపం ఆ పిల్ల నాలుగుసార్లు చెప్పింది. మూడోసారి నేను కునుకు తీశాను. నాలుగోసారి బిస్కెట్లు జరిపి చూపించింది, చూపించినవి చూపించినట్టే తినేశాను. ఇప్పుడు మీకు చెప్పినంతే నాకూ తెలుసు, ఇంకొక్క ముక్క అడిగితే నా దగ్గర లేదు.

ఆ ఆఫీసులో ఇంకో ఆచారం ఉంది. నవమినాడు ఆయుధపూజ చేస్తారు. మెకానిక్‌లు పానాలకు బొట్టు పెట్టినట్టు వీళ్ళు ల్యాప్‌టాప్‌లకు పెడతారు. మొదటి ఏడు ఎవరన్నారో తెలియదు గానీ, అమ్మవారి ముందు సగంలో ఆగిన పనులు కనపడకూడదన్నారు. అప్పటి నుంచి ప్రతి ఏడూ హారతికి ముందు అందరూ తమ తమ కార్డులన్నీ 'అయిపోయింది' వరసలోకి జరిపేస్తారు. హారతి కళ్ళకద్దుకుని, ప్రసాదం తిని, మళ్ళీ ఎక్కడివక్కడికి లాక్కుంటారు. ఎన్నేళ్ళుగానో చేశారు, ఏమీ కాలేదు. ఏమవుతుంది, అప్పుడు ఆ బోర్డు మాట వినేవాళ్ళెవరూ లేరు.

ఈ ఏడూ టీవీకి బంతిపూల దండ వేశారు. పెట్టె మూలకు కుంకుమ పెట్టారు. సాంబమూర్తి పట్టుపంచె కట్టుకుని వచ్చి బోర్డు చూశాడు.

"ఇదేంటి, ఒకటి ఇంకా మధ్యలో వేలాడుతోంది? ఎవరిదిది?"

"నాది సార్. గది మనం ఆపిన పని. కదిలియ్యొద్దు."

"రిజిస్టర్లో ఆపావు కదమ్మా. దాన్నెవరు ముట్టుకుంటున్నారు? ఇది ఉత్త బోర్డు. హారతి అవగానే వెనక్కి లాక్కో."

"అయినా సార్..."

"అమ్మవారి ముందు ఎర్ర కార్డేంటి తల్లీ, అపశకునం!"

తన్మయి మోచేత్తో పొడిచింది. "జరిపెయ్ జ్యోతీ. పులిహోర వాసనకి నేను పడిపోయేలా ఉన్నాను."

లంకె వేసిన పిల్లకే ఆ క్షణాన లంకె గుర్తుకు రాలేదు. జ్యోతికకూ రాలేదు. కార్డు జరిపింది.

సాంబమూర్తి భార్య హనుమాయమ్మగారు హారతి పాట ఎత్తుకున్నారు. ఆవిడ గొంతు మంచిదే, ఆపడమే తెలియదు. ఒక పాట అయ్యాక ఇంకోటి అందుకున్నారు. కర్పూరం మళ్ళీ మళ్ళీ వేయాల్సి వచ్చింది. కింద మిఠాయి దుకాణంలో జిలేబీ పాకం గట్టిపడి గరిటె ఇరుక్కుపోయిందట, ఇద్దరు పట్టి లాగితే గానీ రాలేదట. ఆ పాటల మధ్యలోనే అరగంట ప్రోగ్రాం లేచింది. దానికి గంట లేదు, చప్పుడు లేదు. బోర్డు మీద పని అయిపోయిందని ఉంది, రిజిస్టర్లో 'ఆపు' అని ఉంది. బోర్డు రాతే కొత్తది. రిజిస్టర్లో 'ఆపు' తీసేసి 'ఒప్పుకున్నారు' అని రాసింది. ఒప్పుకున్నవాళ్ళ పేరు ఉండాలి కదా, కార్డు జరిపిన జ్యోతిక పేరు పెట్టింది.

హారతయ్యాక జ్యోతిక కార్డును వెనక్కి లాక్కుంది. అది మధ్య వరసలో భద్రంగా కూర్చుంది. రిజిస్టర్ తెరిచి చూడలేదు. తాళం వేసిన తలుపును మళ్ళీ పోయి ఎవరు లాగి చూస్తారు? పులిహోర డబ్బాలో పెట్టుకుని, పండక్కి పోతున్న జనంలో పడి మెట్రో ఎక్కింది.

రిజిస్టర్లో ఒకసారి ఒప్పుకున్న పనికి లోపలి నుంచి గడియ పడుతుంది, బోర్డు మాట ఇంక వినదు. తర్వాతి అరగంటకు ప్రోగ్రాం లేచి, వెనక్కి లాగిన కార్డునే మళ్ళీ 'అయిపోయింది'లోకి తోసింది. అప్పటికి ఆఫీసులో ఎవరూ లేరు. ఒప్పుకున్న మార్పులు సాయంత్రానికి వాటంతటవే సెంటర్‌కు పోతాయి. ఇదీ పోయింది.

మర్నాడు దసరా. సెంటర్‌కు సెలవు. పెంటమ్మ జమ్మి ఆకు పట్టుకుని వచ్చి భిక్షపతి చేతిలో పెట్టింది.

"ఇగో తమ్మీ బంగారం. నీ కిడ్నీలకు కాదు, నీ బిడ్డ పెండ్లికి దాచిపెట్టు."

"నువ్వు కూర తిన్నవా అక్కా?"

"రెండు ముక్కలు తిన్న. ఉప్పు జర ఎక్కువైంది. రేపెట్లాగూ కడుగుతరు గదా, తినకుంటే ఏమొస్తది?"

సాయంత్రం భిక్షపతి ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఒకటే. పండుగ కదా, ఇద్దరికీ కలిపి ఒకటే పంపారనుకున్నాడు. గోడ మీంచి ఎప్పటిలాగే కేకేశాడు. వంటింట్లో ఉన్న జ్యోతికకు ఆ కేక వినపడింది, అవతలి జవాబూ వినపడింది. అంతా సరిగ్గానే ఉందనుకుంది.

శుక్రవారం పొద్దున ముగ్గురూ మధు ఆటోలో బయల్దేరారు. పెంటమ్మ మొహం ఉబ్బి ఉంది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటోంది. అయినా నోరు ఊరుకోలేదు. "మీ ఆఫీసుల పూజకు పులిహోర పెట్టిండ్రంట గదా. నాకెందుకు తేలే?" అని దారి పొడుగునా జ్యోతికను సతాయించింది. జ్యోతిక వాళ్ళిద్దరినీ సెంటర్ దగ్గర దింపి మెట్రో ఎక్కింది. ఆఫీసు మెట్లెక్కుతుండగా ఫోన్ మోగింది. తండ్రి మిషన్ మీద నుంచి ఒంటిచేత్తో చేస్తున్నాడు.

"బిడ్డా, నన్ను ఎక్కిచ్చిండ్రు. పెంటమ్మక్క పేరు లేదంటున్నరు. బయట కూసుండబెట్టిండ్రు. జర చూడరాదు?"

జ్యోతికకు ఇంకేమీ చెప్పనక్కర్లేదు. మిగతా మెట్లు ఎట్లా ఎక్కిందో ఆమెకు గుర్తు లేదు. రిజిస్టర్ తెరిచింది. 'ఒప్పుకున్నారు: జ్యోతిక' అని ఉంది.

సెంటర్‌కు ఫోన్ చేసింది. కౌంటర్లో ఉండేది ప్రసన్నకుమార్.

"మేడం, పండుగ మర్నాడు. ఒక్క మిషన్ ఖాళీ లేదు. లిస్టులో ఉన్నవాళ్ళే లైన్లో ఉన్నారు."

"ఆమె లిస్టుల ఉండాలె. మా సాఫ్ట్‌వేరే తీసేసింది. తప్పు మాది. ఆమెకు ఊపిరాడుతలేదు, జర పెద్ద మనసు చేయండి."

"అట్లా అని మీ కంపెనీ నుంచి మెయిల్ పెట్టించండి. డాక్టర్‌గారికి చూపించి ఎవరినైనా వెనక్కి జరుపుతాను. ఉత్త ఫోన్ మాట మీద నేనెట్లా జరపను?"

సాంబమూర్తి అప్పుడే వచ్చాడు. విన్నాడు. మొహం పాలిపోయింది.

"తప్పు మనదని రాసివ్వాలా? లాయర్ని అడక్కుండా ఎలా రాస్తానమ్మా? ముందు ఆవిడ పేరు పెట్టండి. పేరు కనపడితే వాళ్ళే ఎక్కించుకుంటారు."

"పేరు పెట్టేలోపు ఏమన్నయితే సార్?"

"అందుకే తొందరగా పెట్టమంటున్నాను!"

జ్యోతిక, తన్మయి తలలు వంచుకుని కూర్చున్నారు. జ్యోతిక రిజిస్టర్లో ఆ మార్పు రద్దని పెట్టి, దాన్ని వెనక్కి తీసే పని మొదలుపెట్టింది. సగంలో ఉండగా ప్రోగ్రాం మళ్ళీ లేచింది. రద్దుతో గడియ ఊడింది, ఆ తర్వాతే ఎవరో బోర్డు సర్దుతూ 'అయిపోయింది' వరసలోనే ఆ కార్డును కూడా కదిపారట. బోర్డు రాతే కొత్తదైంది. రద్దు కాస్తా మళ్ళీ 'ఒప్పుకున్నారు' అయి కూర్చుంది. చేసిందంతా పోయింది.

"ముందు దీని పీక నులమాలి" అని తన్మయి లంకె తెంపేసింది. ఆ పిల్ల ఏడుస్తూనే కీబోర్డు కొడుతోంది. మళ్ళీ మొదటి నుంచి చేశారు. మధ్యాహ్నానికి పెంటమ్మ పేరు లిస్టులోకి వచ్చింది. వచ్చిన పేరుకు ఖాళీ ఉన్న టర్నే దొరుకుతుంది కదా. సాయంత్రం టర్ను దొరికింది.

జ్యోతిక ఎల్బీనగర్‌కు పరుగెత్తింది. భిక్షపతి మిషన్ దిగి, చేతికి దూది అదుముకుని, వరండాలో పెంటమ్మ పక్కన కూర్చుని ఉన్నాడు. పెంటమ్మ పెదవులు నీలంగా ఉన్నాయి. పడుకుంటే ఊపిరాడదని కుర్చీలో ముందుకు వంగి ఉంది. జ్యోతికను చూసి చెయ్యి కొంచెం ఎత్తింది.

"నా పేరొచ్చిందంట బిడ్డా... నువ్వే తెచ్చినవంట గదా. సాయంత్రం ఎక్కిస్తరంట. నువ్వు తిన్నవా?"

అవే ఆమె చివరి మాటలు. కాసేపటికి నోట్లోంచి నురగ వచ్చింది. సెంటర్ వాళ్ళు, ఇది ఇంక మా చేతుల్లో లేదు, పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మన్నారు. అంబులెన్సు కోసం చూడకుండా మధు ఆటోలోనే ఎక్కించారు. జ్యోతిక ఆమె తలను ఒళ్ళో పెట్టుకుంది. పండుగ ఊళ్ళ నుంచి తిరిగొస్తున్న బస్సులతో రోడ్డంతా నిండి ఉంది. చైతన్యపురి దాటాక ఒళ్ళో బరువు మారినట్టు ఆమెకు తెలిసింది. మధుకు చెప్పలేదు. అతను హారన్ కొడుతూనే ఉన్నాడు, ఆమె కొట్టనిచ్చింది.

సోమవారం ఆఫీసులో మీటింగ్ పెట్టారు. ఎవరూ జ్యోతికను తిట్టలేదు. తిడితే బాగుండునని చూసింది. "ఆవిడ అసలే సీరియస్ పేషెంటట. పైగా పండక్కి మాంసం తిన్నారట" అన్నాడు సాంబమూర్తి, ఎవరి కళ్ళలోకీ చూడకుండా. మనిషి పెట్టిన 'ఆపు'ను ప్రోగ్రాం ముట్టుకోకుండా తన్మయి కొత్త కట్టడి పెట్టింది. రిజిస్టర్లో కారణమేమిటని అడిగే గడిలో 'పొరపాటున ఒప్పుకున్నారు' అని రాశారు. ఆ పని అయిపోయిందని బోర్డు మీద ఒక కార్డు జరిగింది.

తర్వాతి టర్నుకు భిక్షపతి వెంట జ్యోతిక కూడా సెలవు పెట్టి ఆటో ఎక్కింది. ఆటో వనస్థలిపురం దాటింది. అప్పుడు చెప్పింది.

"నాయిన, అత్త పేరు తీసింది నేనే. పూజ నాడు నా చెయ్యితోనే జరిపిన."

మొత్తం చెప్పింది, హారతి దగ్గర నుంచి. భిక్షపతి విన్నాడు. ఆ తర్వాత చెయ్యి ఆమె తల మీద పెట్టి, "ముందుగాల ఆపింది కూడా నువ్వే గద బిడ్డా. గంత మందిల నువ్వొక్కదానివే ఆపినవ్" అన్నాడు.

ఇక్కడితో ఆపితే బాగానే ఉంటుంది. కానీ ఒకటి ఒప్పుకోవాలి. జిలేబీ పాకంలో గరిటె ఇరుక్కుపోలేదని మీరు ఎప్పుడో పట్టేసి ఉంటారు, దాన్ని లెక్కలోకి తీసుకోను. నేను నిజంగా అల్లింది ఈ ఆటో మాటలు. జ్యోతిక తండ్రికి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. నాకొక్కడికే చెప్పింది. ఎందుకమ్మా నాకే అంటే, "నువ్వేం చెప్పినా ఎవ్వరు నమ్మరు గద తాతా" అంది.

జరిగింది ఇదీ. పెంటమ్మ టర్ను మారిందని రెండో మెసేజ్ వచ్చే ఉంటుందని, పండుగ హడావిడిలో తనే చూసుకోకుండా చెరిపేసి ఉంటాడని భిక్షపతి అనుకుంటున్నాడు. పెంటమ్మ దినం నాడు ఆమె కొడుకు చేతులు పట్టుకుని, "తప్పు నాదే కొడుకా, ఫోన్ సరిగ్గ చూసుకోలే" అని అందరి ముందూ ఏడ్చాడు. జ్యోతిక రెండు విస్తళ్ళ అవతల వంగి అన్నం వడ్డిస్తోంది. తల ఎత్తింది, తండ్రిని చూసింది, పక్క విస్తరికి జరిగింది.